ఆఫీసు దాటాక కూడా పనిచేసేదే కొనండి: డీఎన్‌ఎస్ రక్షణ, సురక్షిత ప్రవేశ సాధనాల ఎంపికకు సమగ్ర మార్గదర్శి

బెంగళూరులో యాభై నుంచి రెండు వందల మంది పనిచేసే కంపెనీలకు ఈ మధ్య ఒకే తరహా కొటేషన్లు వస్తున్నాయి. పై వరుసలో డీఎన్‌ఎస్ (సైటు పేరు చెబితే దాని ఐపీ చిరునామా ఇచ్చే వ్యవస్థ) సెక్యూరిటీ, కింది వరుసలో సెక్యూర్ యాక్సెస్, రెండూ కలిపి తీసుకుంటే తగ్గింపు. క్లయింటు పంపిన భద్రతా ప్రశ్నావళిలో రెండు చోట్లా ‘ఉంది’ అని రాయాలి కాబట్టి యజమాని సంతకం పెట్టేస్తారు. సమాచార భద్రతకు సంబంధించిన ఐఎస్‌ఓ 27001 ప్రమాణం 2022 కూర్పులో వెబ్ ఫిల్టరింగ్‌ను ప్రత్యేక నియంత్రణగా చేర్చడంతో ఈ తొందర ఇంకాస్త పెరిగింది.

బ్రోచర్లు పక్కపక్కన పెట్టి పోలిస్తే ఏమీ తేలదు. ప్రతి గడిలోనూ టిక్కు గుర్తే ఉంటుంది. నా కొలబద్ద వేరు. శుక్రవారం రాత్రి మడివాళలో బస్సెక్కి అనంతపురమో నెల్లూరో వెళ్లిన ఉద్యోగి, శనివారం పొద్దున ఇంటి వై-ఫై మీదో ఫోను హాట్‌స్పాట్ మీదో లాప్‌టాప్ తెరిచినప్పుడు ఆ సాధనం తన పని చేస్తుందా లేదా? ఆఫీసు లోపల డెమోలో అన్నీ బాగానే పనిచేస్తాయి. తేడాలు బయటపడేది ఆ శనివారమే.

మెట్టు 1: రెండు పనులను విడదీయండి

డీఎన్‌ఎస్ ఫిల్టర్ చూసేది మనవాళ్లు బయట ఏ పేరున్న చోటికి వెళ్తున్నారన్నది. సురక్షిత ప్రవేశ సాధనం చూసేది మన సర్వర్లలో దేనికి ఎవరిని రానివ్వాలన్నది. రెండింటికీ వేర్వేరు పరీక్షలు కావాలి, ధర కూడా వేర్వేరుగానే అడగాలి.

డీఎన్‌ఎస్‌ను పాల్ మొకపెట్రిస్ 1983లో రూపొందించారు. కంప్యూటరు ఏ సైటుకు వెళ్లాలన్నా ముందు దాని పేరు చెప్పి ఐపీ చిరునామా అడుగుతుంది. ఫిల్టర్ ఆ ప్రశ్న దగ్గరే కాపు కాస్తుంది. ప్రమాదకరమైన పేరని తెలిస్తే చిరునామా ఇవ్వదు, కనెక్షనే మొదలుకాదు. ఏజెంటు (పరికరంలో పెట్టే చిన్న భద్రతా ప్రోగ్రామ్) పెట్టడానికి వీల్లేని ప్రింటర్లకు, సీసీ కెమెరాల రికార్డర్లకు కూడా ఇది వర్తిస్తుంది. పెట్టే ఖర్చుకు ఇంత ఫలితమిచ్చే రక్షణ మరొకటి నాకు తెలియదు.

దాని హద్దులు కూడా గట్టివే. దానికి కనిపించేది పేరు మాత్రమే. గూగుల్ డ్రైవ్‌లో పెట్టిన వైరస్ ఫైలు లింకు వస్తే దానికి గూగుల్ డ్రైవ్ అనే కనిపిస్తుంది, ఏ ఫైలో తెలియదు. పేరుతో పనిలేకుండా నేరుగా ఐపీ చిరునామాకు వెళ్లే మాల్‌వేర్‌ను అసలు చూడదు. కాబట్టి ‘ఇది పెట్టుకుంటే యాంటీవైరస్ అక్కర్లేదు’ అన్న సేల్స్ ప్రతినిధిని మర్యాదగా సాగనంపండి.

అతనికి వేయదగిన ప్రశ్న ఒకటుంది: బ్లాక్ చేసినప్పుడు మీరు ఏ జవాబిస్తారు? 2017 మేలో వనాక్రై వ్యాపించినప్పుడు ఆ వైరస్ ముందుగా ఒక వింత డొమైన్‌ను పలకరించి చూసేది. అక్కడి నుంచి జవాబు వస్తే ఆగిపోయేది, రాకపోతే ఫైళ్ల మీద పడేది. ఆ డొమైన్‌ను ఒక పరిశోధకుడు నమోదు చేశాక ఉద్ధృతి తగ్గింది. చెడ్డ పేరు కదా అని దాన్ని పూర్తిగా మూసేసిన నెట్‌వర్కుల్లో మాత్రం వైరస్‌కు అడ్డు లేకపోయింది. ‘అలాంటి పేరు లేదు’ అని చెప్పడం, తన సొంత సర్వర్ చిరునామా ఇచ్చి అక్కడ నిలిపేయడం, ఈ రెండింటిలో ఏది ఎప్పుడు చేస్తారో చెప్పగలిగిన కంపెనీకి తన పని తెలుసు.

డీఎన్‌ఎస్‌సెక్ సంగతి వేరు. డీఎన్‌ఎస్ జవాబును దారిలో ఎవరూ మార్చలేదని సంతకంతో నిర్ధారించే పద్ధతి అది. ఇంటర్నెట్ మూల జోన్‌కు 2010 జులైలో ఆ సంతకం చేరింది. మీ సొంత డొమైన్‌కు పెట్టుకోవడం మంచిదే గానీ అది ఫిషింగ్‌ను ఆపదు. మోసగాడు కూడా తన డొమైన్‌కు సంతకం చేసుకోగలడు.

మెట్టు 2: మీ ఇంటి లెక్క రాసుకోండి

ఒక ఎక్సెల్ షీటు చాలు. ఎవరు, ఎక్కడి నుంచి, ఏ పరికరంతో, దేనికి కనెక్టవుతున్నారు? మారతహళ్లిలో ఒకే వై-ఫైని అందరూ పంచుకునే పీజీ హాస్టల్లో ఉండేవాళ్లు, ఊళ్ల నుంచి పనిచేసేవాళ్లు, సొంత లాప్‌టాప్ వాడే కాంట్రాక్టు డెవలపర్లు, నెలకు రెండుసార్లు వచ్చే ఆడిటర్, అందరినీ రాయండి. పక్కన టాలీ సర్వర్, సోర్స్ కోడ్ సర్వర్, క్లౌడ్‌లోని డేటాబేసులు, ఆఫీసులోని ఫైల్ సర్వర్.

మరో గడి తప్పనిసరి: మన ఆఫీసు ఐపీ చిరునామాను ఎవరెవరు తమ అనుమతి జాబితాలో పెట్టుకున్నారు? క్లయింటు టెస్ట్ సర్వరు, చెల్లింపు గేట్‌వే, బ్యాంకు కార్పొరేట్ పోర్టల్, ఇలా ఎన్ని ఉంటే అన్నీ. ఆ జాబితా అవసరం ఆరో మెట్టులో తెలుస్తుంది.

మెట్టు 3: కొనే ముందు ఒక వారం లాగ్‌లు చూడండి

ఏదీ బ్లాక్ చేయకుండా, ఎవరు ఏ పేర్లు అడుగుతున్నారో రికార్డు మాత్రం చేయండి. పాత కంప్యూటరు మీద డీఎన్‌ఎస్ ప్రశ్నలను నమోదు చేసే పై-హోల్ గానీ అడ్‌గార్డ్ హోమ్ గానీ పెట్టి, రౌటర్ అందరికీ దాని చిరునామానే ఇచ్చేలా చేస్తే సరిపోతుంది. రెండూ ఉచితమే. యాభై మంది లోపు ఉంటే క్లౌడ్‌ఫ్లేర్ జీరో ట్రస్ట్ ఉచిత ప్లాన్‌తోనూ ఈ పని జరుగుతుంది.

మామూలు ఆఫీసు ట్రాఫిక్ పగలు పెరుగుతుంది, రాత్రి తగ్గుతుంది. అర్ధరాత్రి రెండింటికి కూడా ఒకే పరికరం, కొన్ని సెకన్లకోసారి, ఒకే డొమైన్ కింద కొత్త కొత్త పేర్లు అడుగుతుంటే దాన్ని పట్టుకోండి. ఆ పేర్లు అర్థం లేని పొడవాటి అక్షరాల గొలుసులైతే, ప్రశ్నలు ఎక్కువగా టీఎక్స్‌టీ రకానివైతే (పేరుకు జోడించిన రాత సమాచారం అడిగేవి), అది డీఎన్‌ఎస్ టన్నెలింగ్, అంటే డీఎన్‌ఎస్ ప్రశ్నల్లో దాచి డేటా తరలించడం కావచ్చు. డీఎన్‌ఎస్ పేరులో చుక్కకూ చుక్కకూ మధ్య 63 అక్షరాల వరకే పడతాయి. డేటాను దొంగచాటుగా బయటికి పంపే ప్రోగ్రాములు ఆ హద్దు దాకా నింపుతాయి. అలాగని చూడగానే ఫార్మాట్ చేయడానికి దిగొద్దు. కొన్ని యాంటీవైరస్‌లు కూడా ఫైలు మంచిదో కాదో తెలుసుకోవడానికి ఇలాంటి పొడవాటి పేర్లే అడుగుతాయి. ఆ డొమైన్ ఎవరిదో ముందు కనుక్కోండి.

ఈ వారం చేతికొచ్చే పెద్ద లాభం, తర్వాత ఏ కంపెనీ డెమో ఇచ్చినా మీ సొంత లాగ్‌లోని పేర్లతోనే పరీక్షించవచ్చు. వాళ్లు సిద్ధం చేసుకొచ్చిన ఉదాహరణలతో పనిలేదు.

మెట్టు 4: డీఎన్‌ఎస్ సాధనాలను ఈ ప్రశ్నలతో పోల్చండి

నన్నెలా గుర్తుపడతావు? చవక ప్లాన్లు మీ పబ్లిక్ ఐపీని బట్టి ఇది ఫలానా ఆఫీసని గుర్తిస్తాయి. మామూలు బ్రాడ్‌బ్యాండ్‌లో ఆ ఐపీ మారుతూ ఉంటుంది. మొబైల్ డేటాలో ఒకే పబ్లిక్ ఐపీని ఎందరో చందాదారులు పంచుకుంటారు. అంటే పీజీలో, ఊళ్లో ఉన్న ఉద్యోగికి ఐపీ గుర్తింపు పనికిరాదు. లాప్‌టాప్‌లో ఏజెంటు ఉండాల్సిందే. ఆ ఏజెంటు విండోస్, మ్యాక్, ఉబుంటు మూడింటికీ ఉందా, ఫోన్లకు ఉందా అని అడగండి. ఉబుంటు దగ్గర చాలామంది నసుగుతారు.

ఐపీ చిరునామాల కొత్త పద్ధతి ఐపీవీ6 సంగతేమిటి? జియో నెట్‌వర్కులో ఐపీవీ6 విస్తృతంగా వాడకంలో ఉంది. మీరు పాత పద్ధతి ఐపీవీ4 డీఎన్‌ఎస్ చిరునామా ఒక్కటే మార్చి ఊరుకుంటే, లాప్‌టాప్ ఐపీవీ6 దారిన ఆపరేటర్ డీఎన్‌ఎస్‌నే అడుగుతూ ఉంటుంది. డ్యాష్‌బోర్డులో మాత్రం అంతా పచ్చగా కనిపిస్తుంది.

లోపలి పేర్లను ఏం చేస్తావు? ఆఫీసు సర్వర్లకు మీరు పెట్టుకున్న పేర్లు బయటి డీఎన్‌ఎస్‌కు తెలియవు. వాటిని లోపలి సర్వరుకే పంపే వీలు లేకపోతే మొదటి రోజే ప్రింటరు, ఫైల్ సర్వరు మాయమవుతాయి.

కొత్త డొమైన్లను ఎలా చూస్తావు? కొత్తగా నమోదైన డొమైన్లను కొంతకాలం ఆపడం ఫిషింగ్ మీద బాగా పనిచేస్తుంది, నేనైతే తప్పక ఆన్ చేయిస్తాను. ఒక మెలిక ఉంది. రిజర్వ్ బ్యాంక్ ఆదేశంతో మన బ్యాంకులు 2025 అక్టోబర్ 31 గడువుగా ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ పేర్లకు మారాయి. ఇంకా ఎవరైనా కొత్త పేరు తెస్తే అది ఈ వలలో పడవచ్చు. ఆ పేర్లను రిజర్వ్ బ్యాంక్ స్థాపించిన హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ సంస్థ బ్యాంకులకే కేటాయిస్తుంది కాబట్టి ఆ ముగింపు మొత్తాన్ని అనుమతి జాబితాలో చేర్చినా పెద్ద ప్రమాదం లేదు.

లాగ్‌లు ఎన్ని రోజులు? కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లను 180 రోజులు భారత పరిధిలో దాచాలి, ఘటన తెలిసిన 6 గంటల్లో దానికి తెలియజేయాలి. చవక ప్లాన్లలో లాగ్‌లు అన్నాళ్లు ఉండవు. బయటికి ఎగుమతి చేసే సౌకర్యం ఏ ప్లాన్ నుంచి మొదలవుతుందో, దాని ధరెంతో రాతపూర్వకంగా తీసుకోండి.

బ్లాక్ అయినప్పుడు ఉద్యోగికి ఏం కనిపిస్తుంది? చిన్నదిగా కనిపించే ఈ ప్రశ్నే హెల్ప్‌డెస్కును ముంచేస్తుంది. ఇప్పుడు సైట్లన్నీ ఎన్‌క్రిప్షన్‌తో నడుస్తున్నాయి కనుక, మీ రూట్ సర్టిఫికెట్ (ఆ ఫిల్టర్‌ను నమ్మమని లాప్‌టాప్‌కు చెప్పే డిజిటల్ పత్రం) లాప్‌టాప్‌లో లేకపోతే అందమైన బ్లాక్ పేజీ బదులు భయపెట్టే సర్టిఫికెట్ హెచ్చరిక వస్తుంది. ఫోన్లో వినిపించే ఫిర్యాదు మాత్రం ‘సార్, నెట్ పోయింది’.

పేర్ల విషయానికొస్తే, క్వాడ్9 వారి 9.9.9.9, క్లౌడ్‌ఫ్లేర్ వారి 1.1.1.2 ఉచితంగా మాల్‌వేర్ డొమైన్లను ఆపుతాయి. కానీ ఎవరు ఏం అడిగారో మీకు చూపవు, మీ నియమాలు పెట్టుకోనివ్వవు. పది మంది ఆఫీసుకు ఈ పూటే పెట్టేయవచ్చు. నెక్స్ట్‌డీఎన్‌ఎస్, కంట్రోల్ డీ చవక, సెట్టింగులు సులువు. ఆడిట్ అడిగే నివేదికలు ఎంతవరకు ఇస్తాయో చూసి తీసుకోండి. డీఎన్‌ఎస్‌ఫిల్టర్ అనే పేరున్న ఉత్పత్తి మధ్యస్థాయి కంపెనీలకు సరిపోతుంది. 2015లో సిస్కో కొన్న ఓపెన్‌డీఎన్‌ఎస్ నుంచి ఎదిగిన అంబ్రెల్లా పాతకాపు; పరిశోధనకు పనికొచ్చే వివరాలు ఎక్కువ, బిల్లు కూడా ఎక్కువ.

మెట్టు 5: తప్పించుకునే దారులు మీరే వెతకండి

డీఎన్‌ఎస్ ప్రశ్నలను ఎన్‌క్రిప్ట్ చేసి మామూలు వెబ్ ట్రాఫిక్‌లో కలిపేసే పద్ధతికి 2018లో ప్రమాణం వచ్చింది. బ్రౌజరు దాన్ని వాడుకుంటే మీ ఫిల్టర్‌ను దాటుకుని పోతుంది. ఫైర్‌ఫాక్స్ తనంతట తాను ఆన్ చేసుకోకుండా ఆపడానికి మొజిల్లా ఒక సూచక డొమైన్ ఇచ్చింది. చాలా ఫిల్టర్లు దాన్ని పాటిస్తాయి. అయితే వాడేవాడు చేత్తో ఆన్ చేస్తే ఆ సూచకం చెల్లదు. కంపెనీ లాప్‌టాప్‌లలో క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ మూడింటికీ పాలసీ ద్వారానే ఆ మీట మూసేయాలి. ఎన్‌క్రిప్టెడ్ డీఎన్‌ఎస్‌కు మరో దారి అయిన 853 పోర్టును ఫైర్‌వాల్‌లో మూయండి. మామూలు డీఎన్‌ఎస్ నడిచే 53వ పోర్టులో మీరు ఎంచుకున్న సర్వరుకు తప్ప మరెక్కడికీ దారి ఇవ్వకండి. ఆండ్రాయిడ్‌లోని ప్రైవేట్ డీఎన్‌ఎస్, ఐఫోన్‌లోని ప్రైవేట్ రిలే కూడా ఇదే కోవలోవి.

తర్వాత ఆఫీసులో తెలివైన కుర్రాడినొకరిని పిలిచి ‘దీన్ని దాటి చూపించు’ అనండి. అమ్మకందారు ఇచ్చే పరీక్షా నివేదిక కంటే ఆ గంట ఎక్కువ నేర్పుతుంది.

మెట్టు 6: సురక్షిత ప్రవేశాన్ని పోల్చండి

ముందుగా, రిమోట్ డెస్క్‌టాప్ 3389 పోర్టు ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచి ఉంటే ఈ వ్యాసం ఇక్కడ ఆపి దాన్ని మూసి రండి. టాలీ కోసమని అలా తెరిచి పెట్టిన ఆఫీసులు తక్కువేమీ కాదు.

బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్కులోకి ఎన్‌క్రిప్టెడ్ దారి ఇచ్చే పాత వీపీఎన్‌లో చిక్కు ఏమిటంటే, ఒకసారి లోపలికి వచ్చినవారికి నెట్‌వర్క్ చాలావరకు అందుబాటులోకి వస్తుంది. పైగా ఆ వీపీఎన్ పెట్టె ఎప్పుడూ ఇంటర్నెట్‌కు ఎదురుగా నిలబడి ఉంటుంది. 2021లో అమెరికా కలోనియల్ పైప్‌లైన్‌లోకి చొరబాటుదారులు వచ్చింది వాడకంలో లేని ఒక వీపీఎన్ ఖాతా ద్వారా; దానికి రెండో అంచె ధ్రువీకరణ లేదు. 2024 జనవరిలో ఇవాంటీ వీపీఎన్ పెట్టెల్లో లోపాలు బయటపడినప్పుడు అమెరికా సైబర్ భద్రతా సంస్థ వాటిని నెట్‌వర్కుల నుంచి తీసేయమని ప్రభుత్వ విభాగాలను ఆదేశించింది. ఫోర్టినెట్ కూడా తన ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ 7.6.3 నుంచి ఎస్‌ఎస్‌ఎల్ వీపీఎన్ టన్నెల్ పద్ధతికి స్వస్తి చెప్పింది. మీ దగ్గర అదే ఉంటే అప్‌డేట్ నొక్కే ముందు ప్రత్యామ్నాయం సిద్ధం చేసుకోండి.

జీరో ట్రస్ట్ పద్ధతిలో మీ సర్వరు పక్కన ఒక చిన్న కనెక్టర్ ప్రోగ్రామ్ ఉంటుంది. అది బయటికే కనెక్టవుతుంది, లోపలికి ఏ పోర్టూ తెరవనక్కర్లేదు. ఉద్యోగి ఎవరో, అతని లాప్‌టాప్ పరిస్థితి ఏమిటో చూసి, అతనికి కావాల్సిన ఒక్క అప్లికేషన్‌కే దారి ఇస్తారు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2020 ఆగస్టులో ఈ సూత్రాలను ప్రచురించింది. దీన్నీ వెబ్ ఫిల్టరింగ్‌నూ నెట్‌వర్కునూ కలిపి అమ్మే పొట్లానికి మార్కెట్ పరిశోధన సంస్థ గార్ట్‌నర్ 2019లో సాసీ అని పేరు పెట్టింది. బెంగళూరు అమ్మకాల సమావేశాల్లో ఈ మాట వినని రోజుండదు.

వీటిని పరీక్షించేటప్పుడు వెబ్ అప్లికేషన్లతో మోసపోవద్దు, అవి అన్నింటిలోనూ పనిచేస్తాయి. మొండివాటితో మొదలుపెట్టండి. టాలీ డేటా ఫోల్డరును దూరం నుంచి నేరుగా తెరిస్తే ఏ సాధనంలోనైనా నత్తనడకే. అకౌంటెంటుకు రిమోట్ డెస్క్‌టాప్ దారి ఇచ్చి, ప్రింటు, డిజిటల్ సంతకం టోకెన్ పనిచేస్తున్నాయేమో చూడండి. సర్వరే లాప్‌టాప్‌ను పిలవాల్సిన పనులు, అంటే దూరం నుంచి ప్యాచ్‌లు వేయడం, కొన్ని ఇంటర్నెట్ ఫోన్లు, చాలా జీరో ట్రస్ట్ సాధనాల్లో ఇబ్బంది పెడతాయి. డెవలపర్ల విండోస్‌లోని లినక్స్ ఉపవ్యవస్థలో, డాకర్‌లో పేర్లు దొరకకపోవడం మరో సాధారణ తలనొప్పి. సొంత లాప్‌టాప్‌తో వచ్చే కాంట్రాక్టర్‌కు ఏజెంటు లేకుండా బ్రౌజరులోనే దారి ఇవ్వగలదా అన్నది కూడా చూడాలి.

ఇక రెండో మెట్టులో రాసుకున్న ఐపీ జాబితా. ఈ సాధనాల్లో చాలావాటిని పెట్టాక మీ ట్రాఫిక్ వాటిని అమ్మిన కంపెనీ సర్వర్ల నుంచి బయటికి వెళ్తుంది, ఐపీ మారిపోతుంది. క్లయింటు సర్వరు తలుపు తీయదు. ప్రత్యేక ఐపీ ఇస్తారు గానీ దానికి విడిగా డబ్బు, కొన్నిచోట్ల పై ప్లాన్ కూడా కావాలి. కొటేషన్లో ఇది మొదట కనిపించదు, అడిగి రాయించుకోవాలి.

ఎన్‌క్రిప్టెడ్ ట్రాఫిక్‌ను విప్పి చూసే సౌకర్యం ఆన్ చేస్తే బ్యాంకు, ఆరోగ్య సైట్లను మినహాయించండి. సర్టిఫికెట్‌ను కచ్చితంగా సరిచూసుకునే యాప్‌లు ఎలాగూ మొరాయిస్తాయి. ఉద్యోగుల బ్రౌజింగ్ లాగ్ కూడా వ్యక్తిగత డేటానే. వ్యక్తిగత డేటా రక్షణకు డీపీడీపీ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో ప్రకటించారు. ఏం రికార్డు చేస్తున్నారో ఉద్యోగులకు రాతపూర్వకంగా చెప్పండి.

నా అంచనాలు ఇవి. యాభై మంది లోపు, నాలుగైదు అప్లికేషన్లు ఉంటే క్లౌడ్‌ఫ్లేర్ సరిపోతుంది. ఇంజినీర్లే ఎక్కువైతే ట్విన్‌గేట్ గానీ, వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పద్ధతి మీద నడిచే టెయిల్‌స్కేల్ గానీ తీసుకుని, విడిగా డీఎన్‌ఎస్ ఫిల్టర్ జోడించండి. కానీ టెయిల్‌స్కేల్‌లో ఎవరు దేన్ని చేరవచ్చో నియమాలు రాయకుండా వదిలేస్తే అది మళ్లీ పాత వీపీఎన్ లాగే అందరికీ అన్నీ తెరుస్తుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాలతోనే అంతా నడిచే కంపెనీ ఎంట్రా ప్రైవేట్ యాక్సెస్‌ను ముందు చూడాలి. జడ్‌స్కేలర్, నెట్‌స్కోప్, ప్రిజ్మా యాక్సెస్ బలమైనవే, కానీ వాటిని నడపడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి లేని కంపెనీ వాటిని కొంటే సగం మీటలు ఆఫ్‌లోనే ఉండిపోతాయి.

మెట్టు 7: పైలట్ (కొద్దిమందితో ప్రయోగం)

రెండు సాధనాలను మించి పెట్టుకోకండి. ఐటీ వాళ్లను కాకుండా ఒక అకౌంటెంటును, ఒక డెవలపర్‌ను, హాట్‌స్పాట్ మీద తిరిగే సేల్స్ ఉద్యోగిని, వారాంతం ఊరెళ్లే మనిషిని ఎంచుకోండి. ఊళ్లోని బ్రాడ్‌బ్యాండ్ నుంచి ట్రాఫిక్ చెన్నైకి వెళ్తోందా, ముంబైకా, సింగపూర్ దాకా పోతోందా అని ట్రాఫిక్ వెళ్లే దారి చూపే ట్రేస్‌రూట్‌తో చూడండి. భారత్‌లో కేంద్రాలున్నాయని బ్రోచరు చెప్పడం వేరు, మీ ఆపరేటర్ మీ ట్రాఫిక్‌ను అక్కడికే తీసుకెళ్లడం వేరు. విమానాశ్రయంలో, హోటల్లో లాగిన్ పేజీ వచ్చే వై-ఫైలో ఏజెంటు ఆ పేజీనే ఆపేస్తుందేమో కూడా చూడాలి.

ఏజెంటు క్లౌడ్‌ను చేరలేకపోతే నెట్‌ను రక్షణ లేకుండా వదిలేస్తుందా, పూర్తిగా ఆపేస్తుందా? 2025 జులై 14న క్లౌడ్‌ఫ్లేర్ 1.1.1.1 సేవ దాదాపు గంటపాటు ఆగింది. అదే ఏడాది నవంబర్ 18న ఆ సంస్థ నెట్‌వర్కే పెద్ద ఎత్తున దెబ్బతింది. ఎవరికైనా ఇది తప్పదు. డీఎన్‌ఎస్ ఫిల్టర్‌కు వదిలేసే పద్ధతి, సర్వర్ల ప్రవేశానికి ఆపేసే పద్ధతి నా ఎంపిక. అడ్మిన్‌కు మాత్రం ఈ సాధనంతో సంబంధం లేని అత్యవసర ఖాతా ఒకటి ఉండాలి.

మెట్టు 8: ధర, ఒప్పందం, మార్పిడి

ధర డాలర్లలోనా రూపాయల్లోనా, కనీసం ఎన్ని లైసెన్సులు కొనాలి, లాగ్‌ల నిల్వకూ ప్రత్యేక ఐపీకీ అదనమెంత, మధ్యలో మనుషులు తగ్గితే లైసెన్సులు తగ్గించవచ్చా అని అడగండి. 18 శాతం జీఎస్‌టీ కలపండి. విదేశీ కంపెనీ దగ్గర నేరుగా కొంటే రివర్స్ ఛార్జ్ కింద మీరే కట్టాలి.

అమలులో డీఎన్‌ఎస్ ఫిల్టర్‌ను ముందు పెట్టండి, మాల్‌వేర్, ఫిషింగ్ వర్గాలతోనే మొదలుపెట్టండి. సోషల్ మీడియా నిషేధం ఇప్పుడే కలిపితే అందరి కోపం అసలు రక్షణ మీదికి మళ్లుతుంది. తర్వాత ఒక్కో అప్లికేషన్‌ను కొత్త ప్రవేశ మార్గంలోకి మార్చండి. పాత వీపీఎన్‌ను కొన్నాళ్లు పక్కన నడవనిచ్చి, దాని లాగిన్ల జాబితా వారం వారం చూడండి. అందులో మిగిలిన ప్రతి పేరు వెనుకా మీ షీటులో రాయని అప్లికేషన్ ఒకటి ఉంటుంది. అది కూడా ఖాళీ అయ్యాక వీపీఎన్ ఖాతాలు, ఫైర్‌వాల్‌లోని దాని పోర్టు నియమం రెండూ తీసేసి, బయటి కనెక్షన్ నుంచి మీ పబ్లిక్ ఐపీని స్కాన్ చేసి ఏ పోర్టూ తెరిచి లేదని సరిచూసుకోండి.